లేని దేశంలో ముందస్తు ఎన్నిక

మిషిగన్‌లో ఉన్న ఆ ఏళ్ళలో నాకు ఎక్కడా ఓటు లేదు. అక్కడ ఓటు కావాలంటే పౌరురాలినై ఉండాలి, కాలేదు. ఇండియాలో వేద్దామంటే పోలింగు రోజున స్వయంగా తెనాలి వెళ్ళి పోలింగ్ బూత్ ముందు నిలబడాలి, అదీ కుదరలేదు. ఆ కాలంలో నేను ఓటడిగిందీ, ఓటేసిందీ, ఓడిపోయిందీ ఒకే ఒక్క దేశంలో. ఆ దేశం నిజానికి లేదు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా అపార్ట్‌మెంటుకి దగ్గర్లో ఒక కమ్యూనిటీ కాలేజీ ఉండేది. దాని రెండో అంతస్తులో, కిటికీలోంచి కార్ల పార్కింగు కనిపించే ఒక క్లాసురూములో, మా ప్రొఫెసర్ ఆ దేశాన్ని పుట్టించాడు. దానికి ఆయన పెట్టిన పేరు నాకు ఏదో బిస్కెట్ల కంపెనీ పేరులా వినిపించేది.

మా ఆయన కార్ల విడిభాగాలు డిజైన్ చేసే కంపెనీలో ఇంజినీరు. నేను ఆయన వెనకాల వచ్చిన డిపెండెంటుని. ఆ వీసా మీద ఉన్న మనిషి ఉండొచ్చు, తిరగొచ్చు, కారు నడపొచ్చు, చదువుకోవచ్చు, పిల్లల్ని కనొచ్చు. ఉద్యోగం మాత్రం చేయకూడదు. పెళ్ళికి ముందు నేను తెనాలిలో ఒక జూనియర్ కాలేజీలో సివిక్స్ లెక్చరర్ని. అవిశ్వాస తీర్మానం ఎలా పెడతారో, సభ ఎప్పుడు రద్దవుతుందో ఇంటర్ పిల్లలకి గొంతు పోయేలా చెప్పినదాన్ని. మిషిగన్ వచ్చాక ఆ గొంతుతో మా ఆయన్ని సాధించడం తప్ప వేరే పని లేకపోయింది. అసలే నాకు ముక్కు మీద కోపం. సాయంత్రం ఆయన తలుపు తీసేసరికి ఆ రోజు కోపమంతా వంటతో పాటే సిద్ధంగా ఉండేది.

"నీకు దణ్ణం పెడతాను, ఏదన్నా కోర్సులో జాయిన్ అవ్వు. డ్రైవ్ చేయడం వచ్చింది కదా, కాలేజీ దగ్గరే. పగలంతా ఒక్కదానివీ కూర్చుంటే నువ్వు పాడైపోతావు, నన్ను పాడు చేస్తావు" అన్నాడు ఒక రోజు మా ఆయన. చదువుకోవడానికి అడ్డం లేదు కాబట్టి చేరాను. వివిధ దేశాల ప్రభుత్వాల మీద ఒక కోర్సు. నాకు తెలిసిన విషయమే అయినా, తెలిసిన విషయం వినడానికైనా పొద్దున్నే లేచి చీర మార్చుకుని వెళ్ళే చోటు ఒకటి దొరికింది కదా అనుకున్నాను. చీర కాదులెండి, జీన్సే. కానీ మనసులో మాత్రం ఇస్త్రీ చేసిన నేత చీర కట్టుకుని వెళ్ళినట్టే ఉండేది.

మొదటి రోజే ప్రొఫెసర్ పాఠ్యపుస్తకం చూపించి, దీన్ని మీరు ఇంట్లో చదువుకోండి, ఇక్కడ మనం దేశం నడుపుదాం అన్నాడు. క్లాసే పార్లమెంటు. ఒక టోపీలో రంగు కాగితాలు వేసి తీయమన్నాడు. ఏ రంగు వస్తే ఆ పార్టీ. పెద్దవి నారింజ, నీలం. తర్వాతది ఆకుపచ్చ. అందరికన్నా చిన్నది ఊదా. నాకు ఊదా వచ్చింది. మా పార్టీలో నేను కాక ఇంకో ఇద్దరు. ఒకతను రాత్రంతా ఎక్కడో పని చేసి వచ్చి బల్ల మీద తల పెట్టి నిద్రపోయేవాడు. ఒకామె నర్సింగు చదువుతూ ఎప్పుడూ డ్యూటీకి పరుగెత్తేది. కాబట్టి పార్టీ అంటే నేనే.

నారింజ పార్టీకి నాయకుడు ఒక పెద్దాయన. కార్ల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు పనిచేస్తే ఆ ఏడాది తీసేశారట. ఆ ఊళ్ళో అప్పుడు అందరి కథా అదే. కార్ల కంపెనీలు కూలిపోతున్నాయి, రోడ్డుకి రెండు పక్కలా ఇళ్ళ ముందు అమ్మకానికని బోర్డులు. ఆయన మళ్ళీ చదువుకుని ఇంకేదో పనిలో చేరాలని కాలేజీకి వచ్చాడు. మనవడి వయసు పిల్లల మధ్య ముందు బెంచీలో కూర్చుని, వేళ్ళు లావు కావడం వల్ల పెన్ను పట్టుకోవడం కష్టంగా ఉన్నా, ప్రతి మాటా రాసుకునేవాడు. నీలం పార్టీకి నాయకురాలు మన తెలుగు పిల్లే. అక్కడే పుట్టింది. వాళ్ళ నాన్నగారిది నల్గొండ వైపు. నన్ను చూసిన మొదటి రోజే "ఆంటీ, మీరు తెలుగా?" అని అడిగి పక్కన కూర్చుంది. ఆ శరదృతువులోనే అమెరికాకి నిజం ఎన్నికలు కూడా వచ్చాయి. ఆ పిల్లకి అది మొదటి ఓటు. ఓటేసొచ్చిన రోజున చొక్కాకి అంటించుకున్న స్టిక్కర్ చూపించి మురిసిపోయింది. నేనూ మురిసిపోయినట్టే నవ్వాను గానీ, ఆ స్టిక్కర్ వంక చాలాసేపు చూశాను.

నారింజ పార్టీ పెద్దదే అయినా ప్రభుత్వం పెట్టేంత బలం లేదు. ఆకుపచ్చ వాళ్ళు కలిసినా కొంచెం తగ్గింది. మా ముగ్గురి మద్దతూ కావలసి వచ్చింది. పెద్దాయన నా బల్ల దగ్గరికి వచ్చి టోపీ తీసి, "మీకేం కావాలి?" అని అడిగాడు. ఆ మాట నన్ను అమెరికాలో అడుగు పెట్టాక ఎవరైనా అడగడం అదే మొదలు. మంత్రి పదవి వద్దన్నాను. ఒక బిల్లు పెట్టాలన్నాను. పనికి వచ్చిన విదేశీయుడితో పాటు వచ్చిన భార్యకి గానీ భర్తకి గానీ పని చేసుకునే హక్కు ఉండాలి, అంతే. ఆయన సరే, పెడదాం అని చెయ్యి కలిపాడు. పెద్ద గరుకు చెయ్యి.

అది ఆట అని నాకు తెలుసు. ఆ పార్లమెంటు చట్టం చేసినా నా వీసా మీద ఒక్క అక్షరం మారదు. కానీ నాకు ఆ బిల్లు నెగ్గడం కావాలి. ఎంత కావాలంటే, గిన్నెలు తోముతూ దాని మొదటి వాక్యం పైకి చదువుకునేంత. ఎక్కడో ఒక చోట, లేని దేశంలోనైనా సరే, పాతికమంది నా మొహం చూసి, నా మాట విని, చేతులెత్తి సరే అనాలి. అదొక్కటే నా కోరిక. మా ఆయనతో చెబితే నవ్వాడు. "బొమ్మ పెళ్ళికి ఇంత హడావుడా?" అన్నాడు. ఆ రాత్రి పప్పులో ఉప్పు వేయలేదు. మర్చిపోయి కాదు.

బిల్లు మొదటి చర్చ బాగానే జరిగింది. రెండో చర్చ, ఓటింగు తర్వాతి వారం. ఈలోగా ప్రొఫెసర్ మామూలుగా చేసే పని ఒకటి ఉంది. ప్రతి రెండు వారాలకీ క్యాఫెటేరియాలో కనిపించిన విద్యార్థుల్ని పట్టుకుని, ఈ ప్రభుత్వం బాగుందా అని అభిప్రాయం సేకరించడం. ఈసారి నారింజకి మంచి గాలి వీస్తోందని తేలింది. ఆ గాలి చూసి పెద్దాయనకి ఆశ పుట్టింది. ఇప్పుడు ఎన్నికకి వెళ్తే ఎవరి మద్దతూ అక్కర్లేకుండా తనే నెగ్గొచ్చు కదా. నా బిల్లు ఓటింగుకి రావలసిన రోజున లేచి నిలబడి, సభను రద్దు చేస్తున్నాను, ముందస్తు ఎన్నికకి వెళ్తున్నాం అని ప్రకటించాడు.

క్లాసంతా చప్పట్లు. నేను మాత్రం కొయ్యబారి కూర్చున్నాను. సభ రద్దయితే దాని ముందున్న బిల్లులన్నీ రద్దయిపోతాయి. తెనాలిలో అది నేను రెండు మార్కుల ప్రశ్నగా ప్రతి ఏడూ ఇచ్చేదాన్ని. రాయలేని పిల్లల్ని తిట్టేదాన్ని.

క్లాసయ్యాక వరండాలో ఆయన్ని ఆపాను. "నా బిల్లు సంగతేమిటి?" అన్నాను. నా గొంతు నాకే తెలియకుండా లేచింది. ఆయన తల గోక్కున్నాడు.

"మీ మీద కోపంతో చేసింది కాదమ్మా. వాళ్ళు బయటికి తోసేదాకా కూర్చుంటే ఏమవుతుందో నాకు ఫ్యాక్టరీలో తెలిసింది. ఈసారి తోయకముందే నేనే కదులుదామనుకున్నాను. నెగ్గాక మీ బిల్లు పెడదాం."

"నెగ్గాక మీకు నా అవసరం ఉండదు."

అంత నిజాయితీగా నీళ్ళు నమిలిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఎన్నికకి ఒక వారం గడువు. ఓటర్లు కాలేజీలో ఎవరైనా కావచ్చు. క్యాఫెటేరియా బయట పార్టీలన్నీ బల్లలు వేసుకుని ప్రచారం చేసుకోవాలి, ఆ చివరే ఓట్ల పెట్టె ఉంటుంది. ఎన్ని ఓట్లొస్తే దానికి తగినన్ని సీట్లు. మరీ తక్కువొస్తే ఒక్క సీటూ రాదు, ఆ పార్టీ వాళ్ళు మిగతా సెమిస్టరంతా వెనక గోడ పక్కన కుర్చీల్లో సందర్శకుల్లా కూర్చోవాలి. అక్కడి నుంచి మాట్లాడకూడదు. ఈ నియమాలన్నీ ప్రొఫెసర్ ఒక చిన్న పుస్తకంగా కుట్టించి మొదట్లోనే ఇచ్చాడు. నేను చదివాను. చదివిందే కాబట్టి మళ్ళీ చదవలేదు.

బల్ల దగ్గర నేనొక్కదాన్నే. నీలం బల్ల మీద బెలూన్లు, కంప్యూటర్లో వీడియో. నారింజ బల్ల దగ్గర పెద్దాయన పాత ఫ్యాక్టరీ టోపీ పెట్టుకుని అందరితో చేతులు కలుపుతున్నాడు. నా బల్ల మీద ఊదా రంగు అట్ట, దాని మీద నా దస్తూరిలో నాలుగు వాక్యాలు. మొదటి రెండు రోజులు నా దగ్గర ఎవరూ ఆగలేదు. ఆగిన ఒకరిద్దరు కూడా, నేను చెప్పింది విని వింతగా చూశారు. "పని చేయనివ్వరా? ఎవరు?" అన్నాడొకడు. "అయితే సెలవులో ఉన్నట్టేగా, అదృష్టవంతులు" అంది ఒకమ్మాయి. ఆ అమ్మాయిని లాగి ఒకటి ఇద్దామనిపించింది. ఓటరు కదా అని నవ్వాను.

పోలింగు ముందురోజు సాయంత్రం ఇంట్లో కూర్చుని ఆలోచిస్తే అసలు తప్పెక్కడో తెలిసింది. ఎవరి దగ్గరికైనా ఏదైనా అడగడానికి వెళ్ళేటప్పుడు ఉత్త చేతులతో వెళ్తామా? కనీసం రెండు అరటిపళ్ళైనా పట్టుకెళ్తాం. మా అమ్మ కరెంటు ఆఫీసుకి కంప్లయింటు ఇవ్వడానికి వెళ్తూ కూడా జామకాయలు పట్టుకెళ్ళేది. నేనేమో ఊరూ పేరూ తెలియని వాళ్ళని అట్టముక్క చూపించి ఓటడుగుతున్నాను. మొహం చెల్లక వాళ్ళ కళ్ళలోకి కూడా చూడలేకపోతున్నాను. తెల్లవారగానే లేచి చింతపండు నానబెట్టి, అన్నం వండి పళ్ళెంలో ఆరబోసి, పోపులో పల్లీలు, జీడిపప్పు, ఎండుమిర్చి, ఇంగువ వేసి పెద్ద స్టీలు డబ్బా నిండా పులిహోర కలిపాను. కారులో పక్క సీట్లో పెట్టి సీటు బెల్టు కూడా పెట్టాను.

మా ఆయన ఇంగువ వాసనకి లేచి వచ్చి, "ఇవాళ ఏం పండగ?" అన్నాడు.

"పోలింగు."

"ఓట్లకి పులిహోర పంచుతావా?"

"పంచడమేమిటి, వచ్చినవాళ్ళకి పెడతాను."

ఆ రెండింటికీ తేడా ఏమిటో ఆయన అడగలేదు. నాకైతే అప్పుడు చాలా తేడా కనిపించింది. బిర్యానీ పొట్లం, సారా సీసా, చీర, ఇవి లంచాలు. వాటి మీద తెనాలిలో ఒక పాఠం అంతా చెప్పేదాన్ని. పులిహోర ప్రసాదం లాంటిది, దాన్ని లంచమని ఎవరంటారు?

చిన్న కాగితపు కప్పుల్లో పెట్టి చెంచాలు గుచ్చి ఇచ్చాను. ఆ రోజు నా బల్ల ముందు వరస కట్టారు. తిన్నవాళ్ళు నిలబడ్డారు, నిలబడ్డవాళ్ళు విన్నారు. నోట్లో ముద్ద ఉన్న మనిషి అడ్డం రాడు కదా. నేను ఎవరో, ఏం చదువుకున్నానో, ఏం చేయలేకపోతున్నానో చెప్పాను. ఒకాయన కారం తగిలి కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ "ఇది అన్యాయం" అన్నాడు. కారం గురించి కాదనే అనుకున్నాను. మన పిల్ల కూడా తన బల్ల వదిలి వచ్చింది. "ఆంటీ, మా అమ్మ చేసేదానికన్నా బాగుంది. అమ్మకి చెప్పొద్దు" అని రెండో కప్పు తీసుకుంది. పెద్దాయన వచ్చి ఒక కప్పు తిని, కొంచెంసేపు తటపటాయించి, ఇంకొంచెం పట్టుకెళ్ళొచ్చా అని అడిగాడు. వాళ్ళావిడ రాత్రంతా ఒక దుకాణంలో సరుకు సర్దే పనికి వెళ్తోందట, పొద్దున వచ్చి ఏమీ తినకుండా పడుకుంటుందట. అడుగున మిగిలింది డబ్బాతో సహా ఇచ్చేశాను. ఆయన్ని క్షమించేశాను కూడా. గెలుస్తున్నానన్న నమ్మకం మనిషిని ఎంత ఉదారంగా చేస్తుందో ఆ రోజే చూశాను.

ఓట్లు లెక్కపెడితే ఊదాకి ఎవరూ అనుకోనన్ని వచ్చాయి. నారింజకి అనుకున్నన్ని రాలేదు, గాలి ఆ వారంలోనే పోయింది. నీలం ముందుకి వచ్చింది. అంటే మళ్ళీ ఎవరికైనా నేను కావాలి. ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ కారులో నాతో నేనే మాట్లాడుకున్నాను. బిల్లు చర్చలో ఏ మాటతో మొదలుపెట్టాలో, ఎక్కడ ఆగాలో అనుకుంటూ మా మలుపు దాటి వెళ్ళిపోయాను.

తర్వాతి క్లాసులో ప్రొఫెసర్, ఎన్నికల సంఘానికి ఒక ఫిర్యాదు వచ్చింది అన్నాడు. ఎన్నికల సంఘం అంటే ఏ పార్టీలోనూ లేని ముగ్గురు విద్యార్థులు. ఫిర్యాదు చేసింది మన పిల్ల. లేచి నిలబడి, తల వంచుకుని, ఓటర్లకి తినే వస్తువులు గానీ బహుమతులు గానీ ఇవ్వకూడదన్న నియమం చదివి వినిపించింది. తర్వాత నా వైపు తిరిగి తెలుగులో, "ఆంటీ, ఐ యామ్ సో సారీ. నేను రూల్ చదివిన. చదివి చెప్పకపోతే నాది కూడా రాంగే అవుతది కదా. ఫెయిర్‌గా ఉండాలె కదా" అంది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. ఆ పిల్ల నటించడం లేదు. నిజంగానే న్యాయం చేస్తోంది.

విచారణ ఆ ముగ్గురే చేశారు. ఓటేయకముందే తిండి పెట్టారా అని అడిగారు. పెట్టాను. ఎవరికి ఓటేయాలో చెప్పారా? చెప్పాను. మరి? మా ఇళ్ళల్లో ఎవరినైనా ఏదైనా అడిగేటప్పుడు ఉత్త చేతులతో వెళ్ళం, అది మర్యాద, అని చెప్పాను. ఆ మాట తెలుగులో ఎంత సూటిగా ఉంటుందో ఇంగ్లీషులో అంత దొంగ మాటలా వినిపించింది. "మీరు ముగ్గురూ కూడా తిన్నారు కదా" అన్నాను చివరికి. క్లాసు గొల్లుమంది. ఆ ముగ్గురూ కూడా నవ్వారు. నవ్వుతూనే ఊదాకి వచ్చిన ఓట్లన్నీ చెల్లవని కొట్టేశారు.

ప్రొఫెసర్ తర్వాత నన్ను పిలిచి, ఈ సెమిస్టర్‌లో క్లాసు నేర్చుకున్న మంచి పాఠం మీ వల్లే వచ్చింది అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పాఠం చెప్పేదాన్ని నేను. ఇప్పుడు నన్నే పాఠం చేశారు. ఆ రాత్రి మా ఆయన నవ్వలేదు. నేను చెప్పిందంతా విని, "పోనీలే" అని లేచి తనే టీ పెట్టి తెచ్చాడు. వాళ్ళ టీములో ఇద్దర్ని ఆ రోజే తీసేశారని రెండు రోజుల తర్వాత తెలిసింది. నా ఓటమి ముందు దాని సంగతి ఎత్తడం బాగుండదని చెప్పలేదట.

కొత్త సభలో నీలం, ఆకుపచ్చ కలిసి ప్రభుత్వం పెట్టాయి. మన పిల్ల ప్రధానమంత్రి అయింది. నేనూ, నిద్రపోయే అతనూ, నర్సింగు అమ్మాయీ వెనక గోడ పక్కన కూర్చున్నాం. రెండు వారాలు అలాగే గడిచాయి. ఒక రోజు క్లాసు మొదలయ్యే ముందు ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది.

"ఆంటీ, మీ బిల్ నేను పెడుతున్న. గవర్నమెంట్ బిల్‌గా."

"నిజంగానా?"

"లాస్ట్ క్లాస్‌లో వోటింగ్. పార్టీ విప్ లేదు, ఎవరిష్టం వాళ్ళది. నెగ్గుతది ఆంటీ, నేను అందరితో మాట్లాడిన."

సిగ్గు లేకుండా మళ్ళీ ఆశ పుట్టింది నాకు. చివరి క్లాసుకి అందరికన్నా ముందు వెళ్ళి కూర్చున్నాను. బయట మంచు మొదలైంది. ఆ పిల్ల బిల్లు చదివింది. నేను రాసిన వాక్యాలే, గిన్నెలు తోముతూ అనుకున్నవే, ఆ అమెరికన్ గొంతులో ఎంతో ఠీవిగా ఉన్నాయి. ఒకరిద్దరు అనుకూలంగా మాట్లాడారు. నిద్రపోయే అతను కూడా తల ఎత్తి విన్నాడు. అప్పుడు ప్రతిపక్ష నాయకుడు లేచాడు. పెద్దాయన.

టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. కాగితం చూడలేదు.

"ఇది ఆట అని నాకు తెలుసు. ఒకప్పుడు ఈ బిల్లు పెడతానని నేనే మాటిచ్చాను. కానీ ఇవాళ నాకు ఆటలా లేదు. ముప్ఫై ఏళ్ళు చేశాక నాకు పని లేదు. మా అల్లుడికి లేదు. మా ఆవిడ ఈ వయసులో రాత్రిళ్ళు నిలబడి పని చేస్తోంది. వెనక కూర్చున్న ఆవిడంటే నాకు గౌరవం. ఆవిడ చేతి అన్నం తిన్నాను. ఆవిడ అడిగింది తప్పని కూడా నేను అనలేను. కానీ ఇంకొకరికి పని ఇవ్వండి అనడానికి చెయ్యెత్తమంటే, నా చెయ్యి లేవడం లేదు. అంతే."

కూర్చున్నాడు.

వెనక కుర్చీల్లోంచి మాట్లాడకూడదు. మాట్లాడనిస్తే ఏమనేదాన్నో ఆ తర్వాత చాలాకాలం ఆలోచించాను. నేను మీ పని అడగలేదు, నా పని అడిగాను అనేదాన్ని. అది విని ఆయన, ఉన్నదెంతని అమ్మా, మీదీ నాదీ అని పంచుకోవడానికి అనేవాడు. ఆ తర్వాత నా దగ్గర ఏమీ లేదు. ఇప్పటికీ లేదు.

చేతులెత్తమన్నారు. మన పిల్ల చెయ్యి అందరికన్నా ముందు లేచింది, నిటారుగా. ఇంకొన్ని లేచాయి. ఆయన మాట విన్నాక మిగతావి బల్లల మీదే ఉండిపోయాయి. పెద్దాయన తన చేతుల వంకే చూసుకుంటూ కూర్చున్నాడు. బిల్లు ఓడిపోయింది. ప్రొఫెసర్ సెమిస్టర్ ముగిసిందని చెప్పి అందరికీ సెలవుల శుభాకాంక్షలు చెప్పాడు.

కారు దగ్గర మంచు దులుపుతుంటే పెద్దాయన వచ్చాడు. చేతిలో నా స్టీలు డబ్బా. తళతళలాడేలా తోమించి తెచ్చాడు. బరువుగా ఉంది.

"మా ఆవిడ పంపింది. ఆపిల్ కేకు. మీ అన్నం ఆవిడకి చాలా నచ్చింది. ఒకరింటి గిన్నె ఖాళీగా వెనక్కి పంపకూడదంటుంది మా ఆవిడ" అన్నాడు. నా మొహం చూడలేక డబ్బా వంక చూస్తూ అన్నాడు.

మా ఇంట్లోనూ పంపం అని చెబుదామనుకున్నాను. థాంక్స్ మాత్రం చెప్పాను. ఆయన తన పాత ట్రక్కు ఎక్కి వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చాక మా ఆయన మూత తీసి, "ఎవరిచ్చారు?" అన్నాడు.

"నాకు వ్యతిరేకంగా మాట్లాడినాయన వాళ్ళావిడ."

ఆయన ఒక ముక్క తిన్నాడు. రెండోది తీసుకున్నాడు. నేనూ తిన్నాను. దాల్చినచెక్క వేసి చేసింది, మెత్తగా, చాలా బాగుంది. బాగుండకపోతే ఎంత బాగుండేదో. ఆ పిల్ల మీద కోపం తెచ్చుకుందామంటే న్యాయం ఆ పిల్ల వైపే ఉంది. ఆయన మీద తెచ్చుకుందామంటే నోట్లో వాళ్ళ కేకుంది. ఇంత కోపం పెట్టుకుని ఎవరి మీద పడాలో తెలియక ఏడ్చాను. మా ఆయన పక్కన కూర్చుని వీపు నిమిరాడు.

తర్వాత కొన్నేళ్ళకి నాలాంటి వాళ్ళలో కొందరికి పని చేసుకోవచ్చని నిజంగానే అనుమతి వచ్చింది. మా ఆయన ఉద్యోగం పోయి, మేం ఆ ఊరూ ఆ దేశమూ వదిలి అప్పటికి చాలా కాలమైంది. ఫోన్లో ఎవరో సంతోషంగా చెబితే సంతోషమే అన్నాను.

కేకు తిన్న రోజు సంగతి మాత్రం ఇంకొక్కటి ఉంది. మర్నాడు పొద్దున అలవాటుగా లేచాను. డబ్బా బోర్లించి ఉంది. వాళ్ళావిడకి తిరిగి ఏదైనా పంపాలి కదా, మళ్ళీ పులిహోరే చేద్దామని చింతపండు తీసి గిన్నెలో వేసి నీళ్ళు పోశాను. పోశాక గుర్తొచ్చింది, ఇంక క్లాసు లేదని. వాళ్ళ ఇల్లెక్కడో నాకు తెలియదు. నేను వెళ్ళాల్సిన చోటు ఇంకెక్కడా లేదు. చింతపండు సాయంత్రం దాకా అలా నానుతూనే ఉంది.